పాత ఆర్‌ఎక్స్ 100కి 428 తీసేసి 520 చైను వేయాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది పాతపట్నం, 90ల నాటి ఆర్‌ఎక్స్ 100 మీద బట్టల మూటలు కట్టుకుని పర్లాకిమిడి దాటి గుమ్మా, సెరంగో వైపు కొండ సంతలకి వెళ్తావు, ఘాటీలో చైను రెండుసార్లు తెగింది, దానికి తోడు మూటలతో ఎక్కేటప్పుడు బండి రెండో గేర్లో లాగలేక ఆగిపోతంది. బరంపురంలో ఎవరో 200 సీసీ బండి స్క్రాపులోంచి తీసిన 520 సైజు చైను (నీ బండికి ఉన్నది 428), రెండు స్ప్రాకెట్లు (చైను కూర్చుని తిరిగే పళ్ళ చక్రాలు) ఇస్తానన్నారు, ఇది వేసుకుంటే ఇక తెగడమన్నది ఉండదు, లాగుడు కూడా పెరుగుద్ది అని చెప్పారు. వేయాలా వద్దా అని అడిగావు.

వద్దు. ఎందుకు వద్దో, దాని బదులు ఏటి చెయ్యాలో రెండూ చెప్తాను, కొంచెం ఓపికగా చదువు, ఎందుకంటే ఈ 520 పిచ్చి ఈ మధ్య మనవైపు పాత బండ్ల కుర్రాళ్ళలో బాగా ఎక్కువైంది, ఎక్కడో వీడియో చూసి మొదలెట్టి ఆఖరికి ఇంజన్ కేసు పగలగొట్టుకుని వస్తన్నారు.

ముందు ఒక మాట. నీకున్నవి రెండు వేరు వేరు సమస్యలు. చైను తెగడం ఒకటి, బండి లాగకపోవడం ఇంకొకటి. తెగడానికి కారణం టైటు, లైను, జాయింటు. లాగకపోవడానికి కారణం పళ్ళ లెక్క. చైను సైజు మార్చితే ఈ రెండిట్లో ఏదీ తీరదు. 520 వేసి అవే పళ్ళ నిష్పత్తి ఉంచితే బండి ఇప్పుడు ఎలా లాగుతోందో అలాగే లాగుద్ది, వీసం తేడా ఉండదు.

ఇక ఆ నెంబర్ల సంగతి. 428లో మొదటి అంకె 4, అంటే ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్య దాకా నాలుగు ఎనిమిదో వంతుల అంగుళం, అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. దీన్నే పిచ్ అంటాం. 520లో మొదటి అంకె 5, అంటే ఐదు ఎనిమిదో వంతులు, 15.875 మిల్లీమీటర్లు. తర్వాత రెండంకెలు లోపలి వెడల్పు చెప్తాయి, 28 అంటే 7.94 మిల్లీమీటర్లు, 20 అంటే 6.35. ఇక్కడ చాలామందికి తెలీనిది ఏటంటే 520 చైను లోపలి వెడల్పు నీ 428 కన్నా తక్కువ. పెద్ద నెంబరు కదా అన్నీ పెద్దవే అనుకుంటారు, కానీ 520 స్ప్రాకెట్ పన్ను మందం 6 మిల్లీమీటర్ల లోపే ఉంటాది, నీ 428 స్ప్రాకెట్ పన్ను 7 దాటుద్ది. వెర్నియర్ ఉంటే నువ్వే కొలిచి చూసుకోవచ్చు.

పిచ్ మారిందంటే మొత్తం మారాలి, చైనూ ముందు స్ప్రాకెట్టూ వెనక స్ప్రాకెట్టూ మూడూ ఒకేసారి. నౌపడా నుంచి గుణుపూర్ దాకా మన చిన్న రైలు బ్రాడ్ గేజ్ చేసినప్పుడు పాత బోగీల్లో ఒక్కటి కూడా కొత్త పట్టాల మీదకి రాలేదు కదా, ఇదీ అంతే. 420కి, 428కి మాత్రం పిచ్ ఒకటే, అక్కడే ఇంకో ప్రమాదం ఉంది, 428 చైను 420 స్ప్రాకెట్ మీద కూర్చున్నట్టే కనిపిస్తాది, తిరుగుద్ది కూడా. కానీ పిన్ను చుట్టూ తిరిగే రోలర్ సైజు వేరు, 420ది 7.77, 428ది 8.51 మిల్లీమీటర్లు, పన్ను గుంటలో రోలర్ కుదురుగా కూర్చోదు, పక్కలకి కూడా ఊగుతా ఉంటాది, కొన్నాళ్ళకే పళ్ళు కొక్కేల్లా వంగిపోతాయి. చైను మీద ప్లేట్ల పక్కన నెంబరు కొట్టి ఉంటాది, స్ప్రాకెట్ మీద కూడా చాలావాటికి ఉంటాది, షాపులో కౌంటర్ దగ్గరే చూసి తీసుకో, పాకింగ్ మీద రాసింది నమ్మకు.

ఇప్పుడు ఆ 520 నీ బండిలో ఎందుకు పట్టదో లెక్క చూద్దాం. నువ్వు లెక్కపెట్టి రాసినట్టు నీకు ముందు 14, వెనక 38. 428 పిచ్‌లో 14 పళ్ళ స్ప్రాకెట్ పిచ్ సర్కిల్ (చైను పిన్నుల మధ్యలు తిరిగే వలయం) వ్యాసం 57 మిల్లీమీటర్లు. అదే 14 పళ్ళు 520లో అయితే 71 మిల్లీమీటర్లు. అంటే చుట్టూ 7 మిల్లీమీటర్లు పెరుగుద్ది, దాని మీద చైను ప్లేటు ఎత్తు అదనం, ఆర్‌ఎక్స్ 100 ఎడమ పక్క కవరు లోపల అంత ఖాళీ ఎక్కడుంది? సరే, పట్టేలా పళ్ళు తగ్గిద్దామనుకుంటే 11కి రావాలి, 11 పళ్ళకి 56 మిల్లీమీటర్లు వస్తాది, పట్టుద్ది. వెనక 30 వెయ్యాలి, అప్పుడు 11కి 30, నీ పాత 14కి 38 దాదాపు ఒకటే నిష్పత్తి. లాగుడు మారలేదు చూశావా. పోయింది మాత్రం ఉంది. పళ్ళు తక్కువయ్యే కొద్దీ చైను గుండ్రంగా కాకుండా కోణాల మీద తిరుగుద్ది, ఒక్కో పన్ను ఎక్కినప్పుడు చైను వేగం కొంచెం పెరిగి తగ్గుద్ది. 14 పళ్ళకి ఈ హెచ్చుతగ్గు నూటికి 2.5, 11 పళ్ళకి 4. బండి నడిపేటప్పుడు కాళ్ళ కింద గరగరమని తెలుస్తాది, చైనూ స్ప్రాకెట్టూ ఆ మేరకి తొందరగా అరిగిపోతాయి. పెద్ద చైను వేసి చిన్న చైనుకన్నా ముందు అరగదీసుకోవడం ఎందుకు?

ఇంకా అసలు ఇబ్బంది, ఆ స్క్రాపు సెట్టులో ముందు స్ప్రాకెట్ లోపలి స్ప్లైన్లు (షాఫ్టుని పట్టుకునే గాళ్ళు) నీ షాఫ్టుకి సరిపోవు, వెనకదాని బోల్టు బొక్కలు నీ హబ్‌కి కలవవు. అప్పుడు లేత్ షాపుకి వెళ్తావు, వాళ్ళు పాత స్ప్రాకెట్ మధ్య భాగం కోసి కొత్తదాని రింగుకి వెల్డింగ్ పెడతారు. నేను ఈ పనికి అడ్డం పడేది ఇక్కడే. స్ప్రాకెట్ పళ్ళు వేడిచేసి గట్టిపరిచి వస్తాయి, వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోద్ది, చుట్టూ సమంగా చల్లారక రింగు వంకరపోద్ది, అది తిరిగేటప్పుడు ఒకచోట చైను బిగుసుకుంటాది ఇంకోచోట వదులౌద్ది. ముందు స్ప్రాకెట్ దగ్గర ఆ వెల్డింగ్ విడిపోతే చైను ఉండ చుట్టుకుని కేసుని లోపల్నుంచి గుద్దుద్ది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆపేశారు, మంచి ఒరిజినల్ కేసు ఇప్పుడు ఎంత వెతికితే దొరుకుద్దో నీకు తెలుసు.

బలం సంగతికొస్తా, ఎందుకంటే నీకు 520 మీద ఆశ పుట్టింది బలం కోసమే. ఒక చిన్న లెక్క వెయ్యి. మూటలతో నీతో కలిపి వెనక టైరు మీద 150 కేజీలు పడ్డాయనుకో. పొడి రోడ్డు మీద టైరు జారకుండా నెట్టగలిగేది అందులో మహా అయితే నూటికి 80 వంతు, అంటే 120 కేజీల బలం. నీ 18 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి మధ్య నుంచి అంచుకి సుమారు 30 సెంటీమీటర్లు, 38 పళ్ళ స్ప్రాకెట్‌కి 7.7 సెంటీమీటర్లు. 120ని 30తో గుణించి 7.7తో భాగిస్తే 467. అంటే ఎంత గట్టిగా లాగినా చైను మీద పడేది 470 కేజీల దగ్గర. అంతకు మించితే చైను తెగేలోపే టైరు జారుద్ది. మంచి కంపెనీ మామూలు 428 చైను కొత్తది తెగాలంటే 1700 కేజీల దరిదాపు కావాలి. మూడింతలకి పైన ఉంది. నీ ఇంజన్ 98 సీసీ, 11 హార్స్ పవర్. అదే యమహా వాళ్ళ ఆర్15 దీనికన్నా చాలా ఎక్కువ పవర్ ఇస్తాది, దానికీ కంపెనీ వేసింది 428 చైనే. కాబట్టి నీ చైను బలం చాలక తెగలేదు.

మరి ఎందుకు తెగింది? నువ్వు పంపిన తెగిన లింకు ఫొటో పెద్దది చేసి చూశాను. బయటి ప్లేటు పిన్ను బొక్క దగ్గర అడ్డంగా చీలింది, చీలిన అంచులో సగం నల్లగా తుప్పు పట్టి ఉంది, మిగతా సగం మెరుస్తా ఉంది. అంటే ఆ చీలిక ఒక్క రోజులో రాలేదు, సగం ఎప్పుడో పగిలి ఉంది, దాంట్లో నీళ్ళు చేరి తుప్పు పట్టింది, మిగిలిన సగం ఘాటీలో ఆ రోజు పోయింది. ఇంకోటి చూడు, లోపలి ప్లేట్లలో ఒక వైపువి మాత్రమే లోపలి ముఖం అద్దంలా నున్నగా అరిగి ఉన్నాయి, రెండో వైపువి మామూలుగా ఉన్నాయి. స్ప్రాకెట్ పన్ను ఒకే పక్కని రాసుకుంటే తప్ప అలా అవదు. చైను లైనులో లేదు. ఈ రెండూ ఫొటోలోనే కనిపిస్తన్నాయి.

ఆ చీలిక ఎందుకు మొదలైందో కూడా నాకు దాదాపు ఖాయంగా తెలుసు, ఎందుకంటే లోడు తోలే పాత బండ్లలో నూటికి తొంభై ఇదే. నువ్వు చైను టైటు చేసేది ఎప్పుడు? పొద్దున్నే ఖాళీ బండిని స్టాండ్ వేసి, వేలితో పైకి కిందికి ఆడించి, కొంచెం వదులుగా ఉందనిపిస్తే బిగిస్తావు. తర్వాత మూటలు కడతావు, నువ్వు ఎక్కుతావు, వెనక షాకులు కిందికి దిగుతాయి. ముందు స్ప్రాకెట్ మధ్య, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) బోల్టు మధ్య, వెనక యాక్సిల్ మధ్య ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు ముందుకీ వెనక్కీ దూరం అన్నిటికన్నా ఎక్కువ, అంటే చైను అన్నిటికన్నా బిగుతు. ఖాళీ బండికి ఆ మూడూ ఒక గీత మీద ఉండవు, యాక్సిల్ కిందికి ఉంటాది. లోడు పడితే గీత మీదకొస్తాయి. అంటే ఖాళీగా 15 మిల్లీమీటర్ల ఆట పెట్టుకున్న చైను మూటలు కట్టాక వీణ తీగలా బిగుసుకుంటాది, గతుకులో పడ్డ ప్రతిసారీ ప్లేట్లు సాగినట్టు లాక్కుంటాయి, లాగినప్పుడు ఇంజన్ వేసే బలం దాని మీద అదనం. మనవైపు రోడ్ల గతుకులు వేరే చెప్పక్కర్లేదు. అలా కొన్ని వేల సార్లు జరిగితే ప్లేటు బొక్క దగ్గర సన్న చీలిక పుడుతుంది. 520 వేసినా ఇదే పని చేస్తే అప్పుడు చైను తెగకుండా గేర్‌బాక్స్ బేరింగ్ పోద్ది, అది ఇంకా పెద్ద ఖర్చు. నీ ముందు స్ప్రాకెట్ వెనకాల ఆయిల్ చెమ్మ కనిపిస్తే అక్కడి షాఫ్టు ఆయిల్ సీలు ఇప్పటికే దెబ్బతింది, చూసుకో.

దీనికి పద్ధతి ఇది. వెనక రెండు షాకుల కింది బోల్టులు విప్పేసి, చక్రాన్ని చేత్తో పైకి ఎత్తుతా ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, యాక్సిల్ మూడూ వరసలోకి వచ్చే చోట ఒక చెక్క ముక్క పెట్టి ఆపు. ఆ స్థితిలో చైను కింది వరస మధ్యలో 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం నెమ్మదిగా తిప్పి అన్నిటికన్నా బిగుతైన చోట చూడు, వదులైన చోట కాదు. అంత ఆట పెట్టి యాక్సిల్ బిగించి షాకులు మళ్ళీ కట్టి బండి కిందికి దించి ఖాళీగా ఎంత ఆడుతోందో స్కేలు పెట్టి కొలిచి గుర్తుపెట్టుకో, 30 రావచ్చు, 35 రావచ్చు, ఎంతొస్తే అంత, నీ బండికి నీ లోడుకి అదే లెక్క, ఇక మీదట ఖాళీ బండి మీద ఆ కొలతకే పెట్టుకుంటా ఉండు. ఖాళీగా చూస్తే వదులుగా కనిపిస్తాది, ఎవరో ఒకరు చైను జారిపోద్ది బాబూ అంటారు కూడా, వినకు.

లైను కూడా అప్పుడే చూసుకోవాలి. స్వింగ్ ఆర్మ్ మీద చైను అడ్జస్టర్ దగ్గర గీతలు ఉంటాయి కదా, ముప్పై ఏళ్ళ బండికి అవి నమ్మదగ్గవి కావు, ఎప్పుడో పడి ఆర్మ్ కాస్త వంగి ఉండొచ్చు, ప్లేట్లు మార్చి ఉండొచ్చు. సైకిల్ స్పోకు కానీ సన్న కడ్డీ కానీ తీసుకుని స్వింగ్ ఆర్మ్ బోల్టు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి ఒక పక్క కొలిచి అదే కొలత రెండో పక్కకి సరిపెట్టు. తర్వాత బండి వెనకాల నేల మీద కూర్చుని ఒక కన్ను మూసుకుని వెనక స్ప్రాకెట్ పై అంచు మీదుగా చైను వెంట ముందుకి చూడు, చైను సూటిగా వెళ్ళి ముందు స్ప్రాకెట్ మీద కూర్చోవాలి, చివర్లో అటో ఇటో ఒరిగిందంటే తేడా ఉన్నట్టే. ఒక మిల్లీమీటర్ దాటనివ్వకు. చక్రం బేరింగులూ హబ్ లోపలి రబ్బర్లూ అరిగిపోతే కూడా లోడు మీద స్ప్రాకెట్ పక్కకి ఒరుగుద్ది, అప్పుడు ఖాళీ బండికి ఎంత లైను చూసినా లాభం లేదు, స్ప్రాకెట్ రెండు చేతులతో పట్టుకుని పక్కలకి ఊపి చూడు, కదలకూడదు. నీ మూటలు ఒక పక్కకి ఎక్కువ వేలాడదీస్తావా? అలా అయితే దాన్ని కూడా సమం చెయ్యి.

జాయింటు. రెండోసారి తెగినప్పుడు దారిలో ఎవరి దగ్గరో చైను లాక్ (రెండు కొనలు కలిపే క్లిప్పు లింకు) ఒకటి అదనంగా పెట్టించి వచ్చానన్నావు, అంటే ఇప్పుడు నీ చైనులో రెండు లాకులు ఉన్నాయి, పైగా అది వేరే కంపెనీ చైను ముక్క. అది ఇల్లు చేరడానికి బాగానే పనికొచ్చింది, దాంతో మళ్ళీ ఘాటీ ఎక్కకు. లాక్ క్లిప్పు వేసేటప్పుడు మూసి ఉన్న కొన చైను వెళ్ళే దిక్కుకి ఉండాలి, చీలిన కొన వెనక్కి, లేకపోతే దేనికైనా తగిలి ఊడిపోద్ది. ఒకసారి తీసిన క్లిప్పు మళ్ళీ వాడకు, చాలా చిన్న ఖర్చు అది.

ఇక నీకు ఏ చైను కావాలి అంటే 428హెచ్. చివర్లో హెచ్ ఉంది చూడు, దాని పక్క ప్లేట్లు మామూలు 428 కన్నా మందం, దరిదాపు 2 మిల్లీమీటర్లు, మామూలుది 1.5 దగ్గర. పిచ్, రోలర్, లోపలి వెడల్పు మూడూ అవే, కాబట్టి నీ స్ప్రాకెట్ల మీదే సరిగ్గా కూర్చుంటాది. ఏమీ కోయక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు. నీకు బలం కావాలన్న కోరిక ఇక్కడే తీరుద్ది. ఒక్కటి చూసుకో, పిన్ను పొడవు కొంచెం ఎక్కువ, కాబట్టి ముందు స్ప్రాకెట్ దగ్గర కేసుకి ఎక్కడైనా గీసుకుంటోందేమో మొదటిసారి చేత్తో తిప్పి చూడు. పిన్నుల దగ్గర రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైను తీసుకుందామంటే అది ఇంకా వెడల్పు, పాత కేసులో చోటు కొలిచాకే. చైను కొంటే స్ప్రాకెట్లు రెండూ కొత్తవే వెయ్యి, అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే ఆ కొత్తది కూడా పాతదాని కొలతకి సాగిపోద్ది, తొందరగానే.

ఇప్పుడు లాగుడు. ఇదే నీకు నిజంగా కావల్సింది. ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్, పవరంతా పై తిరుగుళ్ళలో ఉంటాది, గరిష్ఠం నిమిషానికి 7500 తిరుగుళ్ళ దగ్గర. కిందికి పడిపోతే దానికి బలం లేదు. నువ్వు మూటలతో ఘాటీ ఎక్కేటప్పుడు రెండో గేర్లో ఆ తిరుగుళ్ళు నిలబడట్లేదు, మొదటి గేర్లో వేస్తే అరుస్తోంది. మధ్యలో నీకొక గేరు కావాలి. 38ని 14తో భాగిస్తే 2.71. ముందు 13 వేస్తే 2.92. వెనక 41 వేస్తే 2.93. అంటే ముందు ఒక పన్ను తగ్గించడం, వెనక మూడు పళ్ళు పెంచడం లాగుడులో ఒకటే. ఖర్చు ముందుదే తక్కువ, పని కూడా సులువు, అందుకే అందరూ 13 వేసేసుకుంటారు.

కానీ నీకు నేను వెనక 41 చెప్తాను. ఎందుకంటే ముందు చిన్నదైతే అదే లాగుడుకి చైను మీద బలం ఎక్కువ పడుద్ది, వెనక పెద్దదైతే తగ్గుద్ది. పైన వేసిన లెక్కలో 7.7 బదులు 41 పళ్ళకి 8.3 పెట్టు, 467 కాస్తా 434 అవుద్ది. రెండుసార్లు చైను తెంపిన బండికి ఆ తేడా కావాలి. ఇంకా ముందు స్ప్రాకెట్ చిన్నదయ్యే కొద్దీ చైను పై వరస స్వింగ్ ఆర్మ్ మీదకి దిగుద్ది, అక్కడి రబ్బరు కోసుకుపోయి ఆర్మ్ ఇనుమునే తినడం మొదలెడుతుంది, లోడు తోలే బండిలో ఇది ఇంకా తొందరగా. 41 వేస్తే వెనక స్ప్రాకెట్ అంచు 6 మిల్లీమీటర్లు బయటికి వస్తాది, చైను కవర్‌కి తగలకుండా కొంచెం సర్దుకోవాలి అంతే.

నష్టం కూడా చెప్పాలి. అదే తిరుగుళ్ళకి ఇదివరకు 60లో వెళ్ళే బండి ఇప్పుడు 56 దగ్గర వెళ్తాది. పలాస, టెక్కలి వైపు హైవే మీద ఎక్కువ తిరిగేవాడివైతే పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుద్ది, ఇంజన్ కూడా అరుస్తా ఉంటాది. నువ్వు వారంలో ఎక్కువ కొండ మీదే కాబట్టి నీకు ఇది లాభమే, ఘాటీలో సగం క్లచ్ మీద తోలడం తగ్గుద్ది, క్లచ్ ప్లేట్లు మిగులుతాయి. 44, 45 దాకా వెళ్ళిపోతే బావుంటాది కదా అని మాత్రం అనుకోకు, ఉన్నవి నాలుగే గేర్లు, మైదానంలోకి దిగాక బాధపడతావు. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బండికి మీటర్ తేడా రాదు, ఆ భయం అక్కర్లేదు.

చైను పొడవు ఇలా చూసుకో. వెనక మూడు పళ్ళు పెరిగితే చైను సుమారు ఒకటిన్నర లింకు అదనంగా అడుగుద్ది. పాత లింకుల లెక్కే ఉంచితే చక్రం తొమ్మిది పది మిల్లీమీటర్లు ముందుకి రావాలి, అడ్జస్టర్లో అంత చోటు ఉంటే సరే. లేకపోతే రెండు లింకులు పెంచు, అప్పుడు చక్రం ఇప్పుడున్న చోటి నుంచి మూడు మిల్లీమీటర్లు వెనక్కి పోద్ది. కొండెక్కే బండికి చక్రం వెనక్కుంటేనే మంచిది, ముందు లేవడం తగ్గుద్ది, కాబట్టి నేనైతే రెండు లింకులు పెంచుతాను. ఒక్క లింకు పెంచడానికి సగం లింకు పెట్టి ఇస్తామంటారు కొన్ని షాపుల్లో, అది వద్దు, చైనులో బలహీనమైన చోటు అదే అవుద్ది.

41 పళ్ళది నీ హబ్‌కి సరిపోయేది రెడీగా దొరకకపోతే చేయించుకోవచ్చు, దానికి లేత్ షాపు పనికొస్తాది. విశాఖ ఆటోనగర్ లాంటి చోట ఈఎన్8 రకం ఉక్కు ప్లేటులో పళ్ళు కోసి ఇచ్చేవాళ్ళు ఉంటారు, నీ పాత స్ప్రాకెట్ తీసుకెళ్ళి ఇచ్చేసెయ్, మధ్య బొక్క, బోల్టు బొక్కలు, మందం దాన్ని చూసి తీస్తారు. పళ్ళ అంచులు గట్టిపరచమని చెప్పు, మర్చిపోతారు. తెచ్చుకున్నాక హబ్‌కి బిగించి చక్రం తిప్పుతా ఒక మేకు మొన పళ్ళకి దగ్గరగా పట్టుకుని చూడు, దూరం చుట్టూ ఒకేలా ఉండాలి.

చైను సైజు మార్చడం ఎప్పుడూ తప్పే అని నేననట్లేదు. పాత సైజు స్ప్రాకెట్లు ఇక ఎక్కడా దొరకని బండి ఉంటే, లేదా పెద్ద బండికి 530 తీసి బరువు తగ్గించడానికి 520 వేస్తుంటే అర్థముంది, అక్కడ రెండిటికీ పిచ్ ఒకటే, వెడల్పే మారుద్ది. ఇది చదివి పాత బుల్లెట్ ఉన్నవాళ్ళెవరైనా మొదలెడితే ముందు ఒక సంగతి తెలుసుకోండి, దాని వెనక స్ప్రాకెట్ బ్రేకు డ్రమ్ముతో కలిపే వస్తాది, విడిగా బోల్టులు విప్పి మార్చేది కాదు, ముందుది క్లచ్ వెనకాల ఉంటాది, ప్రైమరీ కవరు, క్లచ్ అన్నీ దించాలి. ఆ పని రోడ్డు పక్కన అయ్యేది కాదు.

బిగించేటప్పుడు ముందు స్ప్రాకెట్ నట్టు చైను తీయకముందే వదులు చెయ్యి, బండి గేర్లో వేసి ఒకరిని వెనక బ్రేకు గట్టిగా తొక్కమను, చైను తీసేశాక షాఫ్టు ఆగదు, అప్పుడు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి కొడతారు, పళ్ళు చెడిపోతాయి. లాక్ వాషర్ కొత్తది వేసి అంచు మడత పెట్టు. వెనక స్ప్రాకెట్ బోల్టులు ఎదురెదురుగా బిగించుకుంటా రా, ఒక చివర నుంచి వరసగా వద్దు.

తర్వాత వాడకం. మనవైపు ఎండాకాలం ఎర్ర మట్టి దుమ్ము, జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, రెండూ చైనుకి శత్రువులే. షాపుల్లో ఇంజన్లోంచి దింపిన నల్ల ఆయిలు బ్రష్‌తో పూస్తారు చూడు, దాంట్లో ఇనుప పొడి ఉంటాది, పూయనివ్వకు. కిరోసిన్‌తో కడిగి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక 90 నెంబరు గేర్ ఆయిలు లోపలి వైపు నుంచి రోలర్ల మీద చుక్కలుగా వేసి రాత్రంతా వదిలేసి పొద్దున్న పైది తుడిచెయ్యి. వానలో తడిసి ఇంటికొచ్చిన రోజు ఇది తప్పనిసరి, నీ ఫొటోలో ఆ చీలికలో తుప్పు అలాగే చేరింది. అప్పుడప్పుడు చైను బిగుతుగా లాగి పట్టుకుని 20 పిచ్‌లు కొలువు, కొత్తదాంట్లో 254 మిల్లీమీటర్లు, 259 వచ్చిందంటే సెట్టు మార్చేసెయ్.

బరంపురం సెట్టుకి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడుగు, ఇవ్వకపోతే ఫోను చేసి వద్దని చెప్పు. ఈ లోపు చేత్తో మూడు కొలతలు తీసి రాయి: ఇప్పుడు చైనులో లింకులు ఎన్ని, యాక్సిల్ ముందుకి జరగడానికి అడ్జస్టర్లో ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు ఉంది, చైను కవర్‌కీ వెనక స్ప్రాకెట్ అంచుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే 41 బదులు 40తో సరిపెట్టుకుందాం, లింకులు ఎన్ని కొనాలో కూడా అప్పుడు ఖాయంగా చెప్తాను.